ఆల్‌స్టార్ ఆటకు అరువొచ్చిన కాళ్లు

మెల్‌బోర్న్ శివారు క్రాన్‌బర్న్‌లో మన తెలుగువాళ్ల ఇళ్లకు పుట్టినరోజు పార్టీకి వెళ్తే, ఈ మధ్య ఎవరో ఒకరు నన్ను పక్కకు పిలిచి అడుగుతున్నారు. “ఆంటీ, మా అమ్మాయి ఫిజియోథెరపీలో చేరింది. క్లినిక్ వద్దట, స్పోర్ట్స్‌లోకే వెళ్తానంటోంది. అందులో ఫ్యూచర్ ఉంటుందా?” చేతిలో బిర్యానీ ప్లేటు పట్టుకుని నిలబడి చెప్పగలిగే జవాబు కాదది. అందుకని ఇంట్లో కూర్చుని రాస్తున్నాను.

మన డిగ్రీ ఇక్కడ ఎలా చెల్లుతుంది, పరీక్షలెన్ని, ఏ హోదాకు ఎంత జీతం అనేవి నేను రాయను. అవి ఇంటర్నెట్‌లో నాకంటే బాగా దొరుకుతాయి. నేను చెప్పేది ఒక్క ఆట గురించి. ఇక్కడి జాతీయ బాస్కెట్‌బాల్ లీగ్‌లో ఏటా ఒకసారి ఆల్‌స్టార్ ఆట జరిగేది. లీగ్‌లో ఉన్న జట్లన్నిటి నుంచీ ఆ ఏడాది బాగా ఆడినవాళ్లను ఏరి, రెండు జట్లు చేసి ఆడించేవారు. గెలిచినా ఓడినా పాయింట్ల పట్టికలో ఏమీ మారదు. జనం సంబరం కోసం ఆడే ఆట. ఒక్కో కాలంలో ఒక్కో పద్ధతి. కొన్నాళ్లు ఉత్తరాది జట్ల వాళ్లకూ దక్షిణాది జట్ల వాళ్లకూ పోటీ పెట్టారు. కొన్నాళ్లు ఆస్ట్రేలియా కుర్రాళ్లను అమెరికా నుంచి వచ్చి ఆడేవాళ్ల మీదికి దించారు. జట్లు ఎలా చేసినా, ఆటగాళ్ల ఒళ్లు చూసుకునే బృందంలో నేను ఉన్నాను. మొదట సహాయకురాలిగా, తర్వాత పెద్దగా. ఆ ఆట ఆగిపోవడం చూశాను, మళ్లీ మొదలవడమూ చూశాను. నా వృత్తి గురించి నాకు తెలిసిన ముఖ్యమైన సంగతులన్నీ అక్కడ నేర్చుకున్నవే.

కరెంటు పెట్టే డాక్టరమ్మ

నేను కాకినాడ పిల్లని. అక్కడ పనిచేసిన రోజుల్లో మా వీధివాళ్లకు నేను ‘కరెంటు పెట్టే డాక్టరమ్మ’ని. నడుం పట్టేసినవాళ్లు వచ్చి, “కాస్త కరెంటు పెట్టమ్మా గ్రేసమ్మా” అని బల్ల మీద బోర్లా పడుకునేవారు. మా ఆయన ప్రసాద్ అకౌంటెంట్. ఆయన ఉద్యోగం మీద మెల్‌బోర్న్ వచ్చాం. వచ్చిన కొత్తలో నేను ఒక వృద్ధాశ్రమంలో పనికి చేరాను. తర్వాత శివారులో ఒక క్లినిక్‌లో పని దొరికింది. ఆ క్లినిక్ యజమాని హెలెన్. ఆవిడ సాయంత్రాలు ఒక బాస్కెట్‌బాల్ క్లబ్‌కు ఫిజియోగా వెళ్లేది.

ఒకరోజు హెలెన్ నన్ను తనతో రమ్మంది. నాకు చిన్నప్పుడు బళ్లో ఆడిన టెన్నికాయిట్ తప్ప ఇంకో ఆట తెలియదని ముందే చెప్పేశాను. ఆట తర్వాత నేర్చుకోవచ్చంది. “మనిషి నొప్పి లేదంటున్నప్పుడు ఉందో లేదో కనిపెట్టగలవా?” అని అడిగింది. కనిపెట్టగలనన్నాను. వృద్ధాశ్రమంలో నేను చేసిన పని సగం అదే. నొప్పి ఉందంటే ఆసుపత్రికి పంపుతారని, పంపితే తిరిగి రానేమోనని, పెద్దవాళ్లు పళ్ల బిగువున నవ్వుతూ కూర్చునేవారు. హెలెన్ నవ్వి, ఆటగాళ్లూ అంతేనంది. పొడుగ్గా ఉంటారు, అంతే తేడా అంది.

హెలెన్ గురించి నిజం చెప్పాలి. ఆవిడ దగ్గర పనిచేయడం సుఖం కాదు. ఓపిక తక్కువ. ఆటగాళ్ల ముందే నా మీద విసుక్కున్న రోజులున్నాయి. మా పిల్లవాడికి జ్వరమని చెప్పినా, ప్రాక్టీసుకు రాకపోతే మూతి ముడుచుకునేది. కానీ ఒక గుణం ఉంది. ఆటగాడి ముందు ఒక మాట, కోచ్ ముందు ఇంకో మాట ఆవిడ దగ్గర ఎన్నడూ లేవు. మోకాలు బాగాలేదని ఆటగాడితో ఏ మాటల్లో చెప్పిందో, కోచ్‌తోనూ అవే మాటల్లో చెప్పేది. మెత్తగా చెప్పాలనుకుంటే ఇద్దరికీ మెత్తగానే చెప్పేది. అప్పట్లో అదేమంత గొప్ప అనిపించలేదు. దాని విలువ నాకు తర్వాత తెలిసింది.

పెళ్లి సామాను

ఆల్‌స్టార్ ఆటకు నన్ను మొదటిసారి తీసుకెళ్లిందీ హెలెనే. ఆటకు వారం ముందు నుంచీ ఫోన్లు మొదలయ్యాయి. దేశం నలుమూలల నుంచీ క్లబ్బుల ఫిజియోలు. మావాడి చీలమండ జాగ్రత్త, మావాడి భుజం జాగ్రత్త, ఎలా పంపామో అలా తిరిగి పంపండి. వింటుంటే నాకు మా ఊళ్లో పెళ్లిళ్లకు అద్దెకు తెచ్చే సామాను గుర్తొచ్చింది. గిన్నెకు సొట్ట పడకుండా తిరిగి ఇవ్వాలి. ఆ కాళ్లూ చేతులూ మనవి కావు. ఒక్కరోజు అరువొచ్చినవి. వాటి చరిత్ర మనకు తెలియదు. మన క్లబ్ ఆటగాడైతే నడక చూసి చెప్పేస్తాం. వీళ్లను మాత్రం అడిగి తెలుసుకోవాల్సిందే.

ఆ రోజు ఒక పొడుగాటి సెంటర్ ఆటగాడు వచ్చి, తన చీలమండకు పట్టీ ఎలా చుట్టాలో చూపించాడు. అతని క్లబ్‌లో అలా చుడతారట. నాకది పాత పద్ధతిలా అనిపించి, అంతకంటే మంచిదనుకున్న పద్ధతిలో చుట్టాను. హెలెన్ చూసి, మొత్తం విప్పించి, అతను అడిగినట్టే చుట్టించింది. అతను వెళ్లాక చెప్పింది. ఏళ్ల తరబడి ఆ పట్టీ బిగువుకు అలవాటుపడిన కాలు, ఈ ఒక్క సాయంత్రం కొత్త బిగువులో దూకితే ఎక్కడ పడుతుందో అతనికే తెలియదని. అప్పటినుంచి అరువొచ్చిన ప్రతి కాలినీ ముట్టుకునే ముందు, ఇంటి దగ్గర ఏం చేస్తారని అడగడం నాకు అలవాటైంది. చిన్న పిల్లల డాక్టర్లు తల్లిని అడిగినట్టన్నమాట.

కష్టాలే చెప్తున్నాను గానీ, ఆ ఆటలో ఉన్న ఆనందం నాకు ఇంకెక్కడా దొరకలేదు. సీజన్ పొడుగునా ఒకళ్లనొకళ్లు మోచేతులతో పొడుచుకున్నవాళ్లు ఆ రోజు ఒకే ఐసు తొట్టిలో కాళ్లు పెట్టుకుని కబుర్లాడుకునేవారు. ఒకడు తన ఎత్తుగడ నేర్పేవాడు, ఇంకొకడు తన కోచ్‌ను అనుకరించేవాడు. బయట పిల్లలు కార్డులూ పెన్నులూ పట్టుకుని బారులు తీరేవారు. పెద్దవాళ్లకు తమ బతుకుతెరువు ఒక్కరోజు మళ్లీ ఆటలా కనిపించేది.

నడుముకి ఏమైంది?

తర్వాత కొన్నేళ్లకు హెలెన్ రిటైరైంది. క్లబ్‌లోనూ ఆల్‌స్టార్ ఆటలోనూ ఆవిడ స్థానం నాకొచ్చింది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆట చెడడం మొదలైంది.

ఒక ఏడాది ఆల్‌స్టార్ ఆటలో ఒక పెద్ద ఆటగాడు కిందపడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. అతను లేక వాళ్ల క్లబ్ ఆ సీజన్‌లో చతికిలబడింది. అక్కడినుంచి మిగతా కోచ్‌లకు భయం పట్టుకుంది. ఆటగాళ్లను పంపబోమని బాహాటంగా అంటే జనం తిడతారు. అందుకని దొంగ దారి వెతికారు. ఆటకు రెండు మూడు రోజుల ముందు ఒకరి పిక్క పట్టేసేది, ఇంకొకరి తొడ బిగుసుకునేది. ఆట అయిన మర్నాడు అందరికీ నయమైపోయేది.

మా కోచ్ రాస్ కూడా ఆ దారిలోనే వెళ్లాడు. ఆ ఏడాది మా జట్టులోని అమెరికా కుర్రాడు ఎంపికయ్యాడు. రాస్ నా గదికి వచ్చి, తలుపు చేరవేసి, ఆ కుర్రాడికి నడుం నొప్పి అని లీగ్‌కు చెప్పమన్నాడు. నిన్ననే చూశాను, నడుం భేషుగ్గా ఉందన్నాను. ఆ సంగతి తనకూ తెలుసన్నాడు. ఒక్క మాటతో ఎవరికి నష్టమని అడిగాడు. నేను చెప్పనన్నాను. అరిచి గొడవ చేయలేదు. నొప్పి లేనివాడికి ఉందని చెప్తే, రేపు ఉన్నవాడికి ఉందన్నా నా మాట చెల్లదని మాత్రం అన్నాను. అతను తలుపు తీసుకుని వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం తనే విలేకరులతో నడుం సంగతి చెప్పేశాడు.

మర్నాడు ఆ కుర్రాడు నా దగ్గరికొచ్చి బల్ల మీద కూర్చున్నాడు. “నా నడుముకి ఏమైంది గ్రేస్? రేడియోలో విన్నాను” అన్నాడు. ఇద్దరం నవ్వాం. నవ్వు ఆగాక చెప్పాడు, ఆ ఆట చూడటానికే వాళ్లమ్మ అమెరికా నుంచి వచ్చిందని.

రాస్ చెడ్డవాడు కాడు. అతని నుంచి నేను ఆట గురించి చాలా నేర్చుకున్నాను. వరసగా నాలుగు ఓటములొస్తే ఏ కోచ్‌కైనా ఉద్యోగం ఊగుతుంది. ఆ భయంలో ఉన్నవాడికి చిన్న అబద్ధం పెద్ద తప్పుగా కనబడదు. ఈ పనిలోకి వచ్చే పిల్లలకు ఇది ముందే చెప్పాలి. మిమ్మల్ని అబద్ధం చెప్పమని అడిగేవాళ్లు రౌడీల్లా రారు. మీకు కాఫీ తెచ్చిపెట్టేవాళ్లూ, మీ పిల్లల పేర్లు గుర్తుపెట్టుకునేవాళ్లూ అడుగుతారు.

కల్లమ్ పిక్క

ఆ తర్వాతి ఏడాది ఆల్‌స్టార్ ఆట మెల్‌బోర్న్‌లోనే జరిగింది. అప్పటికే నలుగురైదుగురు ‘గాయపడ్డారు’. వాళ్ల ఖాళీల్లో ఒకటి కల్లమ్‌కు వచ్చింది.

కల్లమ్ దేశానికి అటు చివర ఉన్న జట్టులో ఆడేవాడు. ముప్పై దాటాయి. చాలా ఏళ్లు బెంచీ మీద కూర్చుని, ఎవరైనా అలిసిపోతే కాసేపు దిగి, ఎదుటి జట్టులో బాగా ఆడేవాణ్ని అడ్డుకుని మళ్లీ వచ్చి కూర్చునే రకం. అలాంటివాళ్ల పేర్లు పత్రికల్లో రావు. ఆ సీజన్‌లో అవకాశం వచ్చి బాగా ఆడాడు. ఆల్‌స్టార్ పిలుపు అతనికి అదే మొదటిది, ఆ వయసులో అదే ఆఖరుది కూడా అని అందరికీ తెలుసు. భార్యనూ ఇద్దరు ఆడపిల్లల్నీ వెంటబెట్టుకొచ్చాడు. పిల్లలు నాన్న పేరున్న చొక్కాలు వేసుకున్నారు.

మధ్యాహ్నం మా గదికి వచ్చి, విమానంలో కూర్చుని కూర్చుని పిక్క బిగుసుకుంది, కాస్త రుద్దిపెట్టమన్నాడు. మసాజ్ చేసే కుర్రవాడు అప్పుడే చేతులకు నూనె రాసుకున్నాడు. నా అలవాటు ప్రకారం నేను మధ్యలో దూరి, ఇంటి దగ్గర ఏం చేశారని అడిగాను. పాదానికి దెబ్బ తగిలితే మొన్నమొన్నటి దాకా కాలు కదలకుండా పెద్ద బూటులో ఉంచారన్నాడు. రెండు కాళ్లూ పక్కపక్కన చాపించి చూశాను. ఒకటి నిండుగా, చర్మం మెరుస్తూ ఉంది. చెయ్యి వెనక్కి తిప్పి ఆనించి చూస్తే వెచ్చగా తగిలింది. ముందు ఎముక మీద బొటనవేలు నొక్కి తీస్తే గుంట అలాగే నిలిచింది. ఊపిరి ఎలా ఉందని అడిగాను. మెట్ల మధ్యలో ఒకసారి ఆగాల్సొచ్చిందని, ముసలివాణ్ని అయిపోతున్నానని నవ్వుతూ చెప్పాడు.

మసాజ్ కుర్రవాణ్ని ఆ కాలు ముట్టుకోవద్దన్నాను. కల్లమ్‌తో, కాలి నరంలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, కాకపోవచ్చు కూడా, స్కాన్ తీస్తేగానీ తెలియదు, అది తేలేదాకా నువ్వు ఆడకూడదు అని చెప్పాను. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పని కూడా చెప్పాను. మెత్తగా చెప్పడానికి ప్రయత్నించాను గానీ, ఆ మాటను ఎంత మెత్తగా చెప్పగలం?

అతని మొహంలో నవ్వు పోయింది. “మా కోచ్ ఫోన్ చేశాడు కదూ?” అన్నాడు.

గదిలో అందరూ నా వైపు చూశారు. ఒక్కరూ నన్ను వెనకేసుకు రాలేదు. నాకు కోపం రాలేదు. అది న్యాయమైన ప్రశ్నే. ఆ ఏడాది పట్టేసిన పిక్కలెన్నో, వాటిలో నిజమైనవెన్నో నాకూ తెలుసు. నేను చెప్పని అబద్ధాలకు కూడా నేనే జవాబు చెప్పుకోవాల్సిన రోజు వచ్చిందనిపించింది.

ఎవరూ ఫోన్ చేయలేదన్నాను. అతను నమ్మలేదు. ఇంతలో కార్యక్రమం నడిపించే మేనేజర్ వచ్చి, ఆడకపోతే పోనీ, పేరు పిలిచినప్పుడు పరిగెత్తుకుంటూ ఒక చుట్టు తిరిగి రావచ్చు కదా అని అడిగాడు. వద్దన్నాను. సాయంత్రం రావాల్సిన మా డాక్టర్‌కు ఫోన్ చేసి కాలు ఎలా ఉందో చెప్పాను. ఆయన రెండో మాట లేకుండా అంబులెన్స్‌లో ఎమర్జెన్సీకి పంపమన్నాడు. కల్లమ్ మాత్రం బల్ల దిగి షూ లేసులు కట్టుకోసాగాడు.

నేను అతని ఎదురుగా నేల మీద కూర్చున్నాను. “నన్ను నమ్మకు కల్లమ్. స్కాన్‌ను నమ్ము. అందులో ఏమీ లేదంటే నేనే నిన్ను వెనక్కి తీసుకొస్తాను. తప్పు నాదని మైకులో అందరి ముందూ చెప్తాను” అన్నాను.

అతను తల ఎత్తలేదు. లేసులు కట్టుకుంటూనే ఉన్నాడు. తలుపు దగ్గర పిల్లలతో నిలబడి ఉన్న భార్య లోపలికి వచ్చింది. “షూ విప్పు, కల్లమ్” అంది. గట్టిగా కూడా అనలేదు. అతను విప్పాడు.

అంబులెన్స్ వెళ్లాక నేను మిగతా ఆటగాళ్ల పట్టీలు చుట్టడానికి కూర్చున్నాను. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. లోపల మాత్రం ఒకటే ప్రశ్న. ఏమీ లేదని తేలితే? ఒక మనిషి జీవితంలో ఒకే ఒక్క రోజును ఊరికే లాగేసుకున్నదాన్నవుతాను. ఈ వృత్తిలో మనం సరిగ్గా చేశామో లేదో తెలిసేలోపు గడిపే సమయం ఉంటుంది. ఏ కాలేజీలోనూ దాని గురించి చెప్పరు. ఆ సమయాన్ని ఓర్చుకోగలిగితేనే ఈ పనిలోకి రండి.

ఆట మూడో క్వార్టర్‌లో ఉండగా అతని భార్య మెసేజ్ పంపింది. మోకాలి పైదాకా గడ్డ ఉందట. చిన్న ముక్కలు అప్పటికే ఊపిరితిత్తుల్లోకి వెళ్లాయట. మందు మొదలుపెట్టారు, ప్రాణానికి భయం లేదన్నారు. నేను ఫోన్‌ను పక్కనున్న డాక్టర్‌కు అందించి, తువ్వాలుతో మొహం తుడుచుకున్నాను.

మర్నాడు ఆసుపత్రికి వెళ్లాను. రక్తం పలచబడే మందు వాడుతుండగా ఒళ్లు తగిలే ఆట ఆడకూడదు కాబట్టి, ఆ సీజన్ అతనికి అక్కడితో అయిపోయింది. గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. కృతజ్ఞతలు చెప్తాడని నేను వెళ్లలేదు, అతను చెప్పనూ లేదు. ఇటు తిరిగి ఒక మాట అన్నాడు. “నువ్వు నిజమే చెప్తున్నావని నాకు అనిపించనే లేదు గ్రేస్. ఇప్పుడు తలుచుకుంటే భయమేస్తోంది. గాయం అనగానే అబద్ధమనుకునేలా మా అందరికీ అలవాటు చేశారు.”

ఆగిన ఆట

ఇంకో రెండు సీజన్లు జరిగాక ఆల్‌స్టార్ ఆట ఆగిపోయింది. మంచి ఆటగాళ్లు రాకపోతే జనం రారు, జనం రాకపోతే టీవీవాళ్లు రారు. ఎవరూ దాన్ని రద్దు చేశామని చెప్పలేదు. ఒక ఏడాది జరగలేదు, మరుసటి ఏడాది ఎవరూ అడగలేదు.

నేను మా క్లబ్‌లో పని చేసుకుంటూ పోయాను. కల్లమ్‌కు మందులు ఆపేశాక మళ్లీ ఆడే అనుమతి వచ్చింది. ఒక సీజన్ ఆడాడు. మెల్‌బోర్న్ వచ్చినప్పుడు మ్యాచ్ ముందు నా దగ్గరికొచ్చి, అడగకుండానే రెండు కాళ్లూ చాపి చూపించాడు. రెండూ సమానంగా ఉన్నాయి. చాలన్నాను. అంతే మా మాటలు. నాకు ఆ రోజంతా తేలిగ్గా ఉంది.

ఆ తర్వాత అతను ఆట మానేసి ఆటగాళ్ల సంఘంలో పనికి చేరాడు. చాలా ఏళ్ల తర్వాత, నేను రిటైరవుదామని మా ఆయనతో చర్చిస్తున్న రోజుల్లో ఫోన్ చేశాడు. ఆల్‌స్టార్ ఆటను మళ్లీ తెప్పించాలని క్లబ్బుల చుట్టూ తిరుగుతున్నానన్నాడు. అతను పెట్టిన షరతు ఒకటే. ఆటగాడు ఆడగలడో లేదో చెప్పేది ఏ క్లబ్‌కూ చెందని వైద్య బృందమే కావాలి. వాళ్ల మాటే ఆఖరు మాట. మొదటి ఏడాది ఆ బృందాన్ని నన్ను కూర్చమని అడిగాడు. అప్పటికల్లా క్లబ్ పని మానేస్తానని చెప్పి సరేనన్నాను.

ఎందుకింత పట్టుదల అని అడిగాను. తనకు దక్కలేదని కాదన్నాడు. ఏళ్ల తరబడి బెంచీ మీద కూర్చునే కుర్రాళ్లు ప్రతి జట్టులోనూ ఉన్నారనీ, ఎదురుచూడటానికి వాళ్లకు ఒక రోజంటూ ఉండాలనీ అన్నాడు. కోచ్‌ల సమావేశంలో ఆ షరతు ఓటుకొచ్చినప్పుడు చాలామంది కిందికి చూస్తూ కూర్చున్నారట. అప్పటికి సలహాదారుగా ఉన్న మా రాస్ ముందుగా చెయ్యి ఎత్తాడట.

సిడ్నీలో

మళ్లీ మొదలైన ఆట సిడ్నీ పడమటి వైపు జరిగింది. బృందంలోకి నేను ఏరుకున్నవాళ్లలో ప్రణతి ఒకతె. వాళ్లది కరీంనగర్. ఇప్పుడు ద పాండ్స్ అనే శివారులో ఉంటుంది. సిడ్నీలో మహిళల లీగ్‌లోని ఒక జట్టుకు ఫిజియో. మాటకు ముందు చూపు పనిచేసే పిల్ల. ఒక జట్టు బాధ్యత పూర్తిగా ఆమెకే ఇచ్చాను.

ఆట రోజు పొద్దున్న ముగ్గురం, నేనూ ప్రసాదూ ప్రణతీ, మనవాళ్ల హోటళ్లుండే హారిస్ పార్క్ పేటలో దోశలు తింటున్నాం. ప్రణతి ప్లేటు ముట్టకుండా ఫోన్ వైపే చూస్తోంది. ఏమైందని అడిగాను.

“మార్నింగ్ ఒక కోచ్ కాల్ చేసిండు ఆంటీ. వాళ్ల టీమ్‌ల గార్డ్ ప్లేయర్‌కి హామ్‌స్ట్రింగ్ టైట్‌గా ఉందని రిపోర్ట్‌ల పెట్టమంటుండు. జస్ట్ ఫర్ సేఫ్టీ అంటుండు.”

షరతులు కాగితం మీద మారినా మనుషులు అంత తొందరగా మారరు. అదే పాత తొడ కండరం సాకు, నాకు ఆశ్చర్యం కలగలేదు. నువ్వు అతన్ని చూశావా అని అడిగాను.

“నిన్న సాయంత్రమే చూసిన. మొత్తం టెస్ట్ చేసిన. హి ఈజ్ ఫైన్ ఆంటీ.”

“మరి ఏం చెప్పావమ్మా?”

“అదే చెప్పిన. ఫైన్ ఉన్నడు, ఆడతడు అని. ఆయన ఫోన్ పెట్టేసిండు. నేను రూడ్‌గా మాట్లాడిననా అని టెన్షన్ అవుతుంది.”

దోశ చల్లారిపోతోంది, తినమన్నాను. మా ఆయన ఆమెకు ఇంకో చట్నీ గిన్నె జరిపి, “మాటల్లో ఏం తప్పులేదమ్మా, తిను” అన్నారు.

ఈ వృత్తిలో ధైర్యమంటే ఆడొద్దని చెప్పడమేనని చాలామంది అనుకుంటారు. నేనూ కొన్నాళ్లు అలాగే అనుకున్నాను. ఆడగలిగినవాణ్ని ఆడనివ్వడానికీ అంత ధైర్యం కావాలి. ఆడగలడన్నప్పుడు నిజం చెప్పిన మనిషినే, ఆడలేడన్నప్పుడు నమ్ముతారు. ఆ పిల్ల ఈ సంగతి ఎవరూ చెప్పకుండానే ఫోన్‌లో చేసి చూపించింది. మన పిల్లలు ఈ పనిలోకి రావచ్చా అని అడిగేవాళ్లకు నా జవాబు ఇదే. రావచ్చు. ఇలాంటివాళ్లు వస్తున్నారు.

సాయంత్రం హాలు నిండింది. బెంచీ దగ్గర నా కుర్చీ ఉంది గానీ, అన్నీ సరిచూశాక ప్రణతితో నేను పైన కూర్చుంటానని చెప్పాను. “నిజంగానా ఆంటీ?” అంది. నిజంగానే అన్నాను. మెట్లెక్కి వెళ్లి ప్రసాద్ పక్కన కూర్చున్నాను. ఆయన చేతిలో వేడి చిప్స్ పొట్లం ఉంది. రెండు వరసల కింద కల్లమ్ కుటుంబం ఉంది. ఆడపిల్లలిద్దరూ పెద్దవాళ్లయ్యారు.

మీకో సంగతి చెప్పాలి. ముప్పై ఏళ్లపాటు ఇంచుమించు ప్రతి వారం బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లో కూర్చున్నా, నేను ఆట చూసింది లేదు. బంతి గాల్లోకి లేవగానే జనమందరి తలలూ పైకి లేస్తాయి. ఫిజియో చూపు కిందనే ఉంటుంది. ఎగిరినవాడు ఏ కాలి మీద దిగుతున్నాడు, మడమ తిన్నగా పడిందా, మోకాలు లోపలికి వంగిందా, లేచేటప్పుడు చెయ్యి నేలకు ఆనించాడా. బంతి బుట్టలో పడిందో లేదో మాకు జనం అరుపును బట్టే తెలుస్తుంది. గొప్పగొప్ప షాట్లన్నీ నేను చెవులతో విన్నవే.

ఆల్‌స్టార్ ఆటలో మామూలుగా ఎవరూ గట్టిగా అడ్డుకోరు. ఒకరికొకరు దారి ఇచ్చుకుంటారు. ఆ సాయంత్రం కూడా మూడు క్వార్టర్లు అలాగే సరదాగా నడిచాయి. నాలుగో క్వార్టర్‌లో ఏమైందో, ఒకడు మోకాళ్లు వంచి, చేతులు చాపి, నిజంగా అడ్డుకున్నాడు. ఎదుటివాడు నవ్వి, తనూ వంగాడు. చూస్తుండగానే పదిమందీ వంగారు. హాలులో రొద మారింది. స్కోరు దగ్గరైంది. మా ఆయన చిప్స్ తినడం మర్చిపోయారు.

ఆఖరి క్షణాల్లో బంతి ఒక పొట్టి గార్డ్ చేతికి వచ్చింది. పొద్దున్న హామ్‌స్ట్రింగ్ పట్టేసిందని కోచ్ చెప్పమన్నది ఈ కుర్రాడి గురించే. ఇద్దరు మీదికొస్తుంటే, మూడు పాయింట్ల గీత అవతలి నుంచి నిటారుగా ఎగిరి బంతి వదిలాడు. బంతి పైకి లేచి, దీపాల వెలుగులో మెల్లగా తిరుగుతూ వెళ్లింది. నేను తలెత్తి దానినే చూస్తూ ఉండిపోయాను. అది బుట్ట అంచు తాకకుండా వలలోంచి జారడం నా కళ్లతో చూశాను.

అతను ఏ కాలి మీద దిగాడో నాకు తెలియదు. అది ప్రణతి చూసుకుంది.